రాబర్ట్ సూయెల్: విజయనగర చరిత్రలో ఒక కలెక్టరు చెయ్యి ఎంత?

కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, కత్తిసాము చేసి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కేవాడని మనలో చాలామందికి తెలుసు. ఆయన మరీ పొడుగూ కాదు, పొట్టీ కాదు, కాస్త ఒళ్లున్న మనిషి, మొహం మీద స్ఫోటకం మచ్చలున్నాయి అనీ తెలుసు. తిమ్మరుసు కళ్లు తీయించిన కథ సరే సరి. తళ్లికోట యుద్ధం తర్వాత శత్రువులు నెలల తరబడి కూర్చుని గునపాలతో, గొడ్డళ్లతో నగరాన్ని నేలమట్టం చేశారన్నది బడి పాఠం. వింటుంటే ఇవన్నీ తాతల నాటి నుంచి మన అరుగుల మీద చెప్పుకుంటూ వచ్చిన సంగతుల్లా ఉంటాయి. అసలు సంగతి వేరు. వీటిని ఇప్పుడు మనం చెప్పుకునే రూపంలో మనకు అందించింది ముఖ్యంగా 1900లో లండన్‌లో అచ్చయిన ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’ అనే ఇంగ్లిషు పుస్తకం. రాసినవాడు బళ్లారి కలెక్టరుగా పనిచేసి రిటైరైన రాబర్ట్ సూయెల్.

ఈ పుస్తకం ప్రస్తావన వస్తే మాటలు రెండు దారుల్లో పోతాయి. తెల్లదొర రాసింది గనుక పక్కన పెట్టేయమంటారు కొందరు. ఆ దొరే లేకపోతే రాయల చరిత్ర మట్టిలో కలిసేదంటారు ఇంకొందరు. రెండూ పుస్తకం తెరవకుండా అనగలిగే మాటలే. తెరిచి చూస్తే అందులో మూడు చేతులు కనిపిస్తాయి. ఒకటి, విజయనగరం వెలుగుతున్న రోజుల్లో అక్కడికి వచ్చిన పోర్చుగీసు వాళ్లది. రెండోది, తళ్లికోట యుద్ధం జరిగిన నలభై యాభై ఏళ్లకు బీజాపూరు కొలువులో కూర్చుని పారసీలో చరిత్ర రాసిన ఫిరిస్తాది. మూడోది సూయెల్‌ది. ఈ మూడింటినీ విడదీయకుండా మొత్తం నమ్మినా చిక్కే, మొత్తం పారేసినా చిక్కే.

దొరగారి అసలు పని

సూయెల్ 1845లో పుట్టి 1925లో పోయాడు. ఉద్యోగం మద్రాసు సివిల్ సర్వీసు. ఆ రోజుల్లో జిల్లా దొర అంటే శిస్తు వసూలు, జమాబందీ, మేజిస్ట్రేటు కచేరీ, కరువొస్తే గంజి కేంద్రాలు, అన్నీ ఒక్క నెత్తి మీదే. చరిత్ర వాళ్ల జీతానికి సంబంధించిన పని కాదు. అయినా మెకంజీ, వాల్టర్ ఎలియట్, బ్రౌన్‌ల నుంచి మద్రాసు సర్కారు ఉద్యోగుల్లో ఆ పిచ్చి ఉన్నవాళ్లు తరానికొకరైనా కనిపిస్తారు. సూయెల్ ఆ వరసలోని వాడు.

1877లో అతను అమరావతి స్తూపం దగ్గర తవ్వించాడు. అప్పటికి గుంటూరు ప్రాంతమంతా కృష్ణా జిల్లాలో కలిసి ఉండేది. అది ధాత కరువు నడుస్తున్న కాలం కూడా. దిబ్బను అంతకుముందే చాలామంది కెలికారు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఊరు కట్టిస్తూ రాళ్లు తీయించాడు, మెకంజీ వచ్చి బొమ్మలు గీయించాడు, 1845లో ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. సూయెల్ నివేదిక 1880లో అచ్చయింది. అదే ఏడు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ దిబ్బ మొత్తం ఖాళీ చేయించమని ఆర్డరు వేశాడు. పురాతత్వ సర్వే నుంచి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి నడిమధ్య ఉన్నది పెద్ద గొయ్యి. స్తూపం విషయంలో మంచి ఉద్దేశమూ చెడు ఉద్దేశమూ కలిసి ఒకే ఫలితాన్ని ఇచ్చాయి. సూయెల్‌ను ఆ లెక్క నుంచి పూర్తిగా తప్పించలేం.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోని పురాతన కట్టడాల, శాసనాల జాబితా తయారుచేసే పని అతని మీద పడింది. అది 1882లో ఒకటి, 1884లో ఒకటి, రెండు సంపుటాలుగా వచ్చింది. జిల్లా, తాలూకా, గ్రామం వారీగా ఎక్కడ ఏ గుడి ఉంది, ఏ స్తంభం మీద రాత ఉంది, ఏ రైతు ఇంట్లో రాగిరేకు ఉంది అని రాసుకుంటూ పోయిన పుస్తకాలవి. అన్ని ఊళ్లూ ఒక్క మనిషి తిరగలేడు గదా. కిందిస్థాయి రెవెన్యూ యంత్రాంగం నుంచి వచ్చిన సమాచారం మీద ఆ జాబితా నిలబడింది. శిస్తు లెక్క ఏ దారిన పైకి పోతుందో చరిత్ర కూడా ఆ దారినే పోయింది. అట్ట మీద పేరు మాత్రం ఒక్కరిదే. అందులో తప్పులు బోలెడు. కానీ ఆ తర్వాత హుల్ట్‌ష్ లాంటి శాసన పండితులు ఏ ఊరికి పోవాలో చూసుకోవడానికి మొదట తిప్పింది ఆ పేజీలనే.

తేదీలు తేల్చిన మనిషి

నా లెక్కలో సూయెల్ గొప్పతనం విజయనగరం పుస్తకంలో కన్నా దానికి నాలుగేళ్ల ముందు వచ్చిన పుస్తకంలో ఉంది. అది పట్టికల పుస్తకం కావడంతో ఎవరూ దాని గురించి మాట్లాడరు.

శాసనంలో తేదీ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. శాలివాహన శకం ఇన్నోది, ఫలానా సంవత్సరం, ఫలానా మాసం, శుద్ధమో బహుళమో, తిథి, వారం. ఇంత వివరం ఉన్నా దాన్ని ఇంగ్లిషు తేదీలోకి మార్చడం చచ్చేంత పని. శక సంవత్సరం గడిచినదా, నడుస్తున్నదా అన్న చోటే ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది. అధిక మాసం లెక్క తప్పితే నెల మారుతుంది. తిథి ఏ పూట మొదలై ఏ పూట ముగిసిందో తెలియకపోతే వారం కుదరదు. పైగా ఏ జ్యోతిష సిద్ధాంతం ప్రకారం పంచాంగం కట్టారన్నదీ చూడాలి. దీనికి సూయెల్ పుణెలోని ట్రెయినింగ్ కాలేజీలో పనిచేసే శంకర బాలకృష్ణ దీక్షిత్ సాయం తీసుకున్నాడు. మరాఠీలో భారతీయ జ్యోతిశ్శాస్త్ర చరిత్ర రాసిన మహా పండితుడాయన. ఇద్దరి పేర్లతో 1896లో ‘ది ఇండియన్ క్యాలెండర్’ వచ్చింది. హిందూ, హిజ్రీ తేదీలను క్రీస్తు శకంలోకి మార్చే పట్టికలు అందులో ఉన్నాయి. వియన్నాకు చెందిన రాబర్ట్ ష్రామ్ భారతదేశంలో కనిపించిన సూర్యగ్రహణాల పట్టిక చేర్చాడు. దీక్షిత్ మరో రెండేళ్లకే పోయారు. సూయెల్ మాత్రం ఆ పని చివరిదాకా వదల్లేదు.

ఇందువల్ల ఏమైంది? గ్రహణ పుణ్యకాలంలో భూదానం చేశామని ఒక రాగిరేకు చెబితే, ఆ రోజు నిజంగా గ్రహణం ఉందా లేదా అని ఎవరైనా లెక్కేసి చూసుకోవచ్చు. తిథీ వారమూ పొంతన కుదరకపోతే ఆ రేకును అనుమానించవచ్చు. ఇనాము భూముల కోసం దొంగ రేకులు పుట్టిన దేశంలో ఇదేమీ చిన్న సంగతి కాదు.

రాయచూరు యుద్ధం దీనికి మంచి ఉదాహరణ. రాయలు బీజాపూరు సుల్తాను ఆదిల్‌షాను ఓడించిన ఆ యుద్ధం 1522 మే నెలలో జరిగిందని పోర్చుగీసు రచయిత నూనిజ్ రాశాడు. శుక్రవారం కలిసిరాదని మంత్రులు ఆపితే రాయలు శనివారం దాకా ఆగాడనీ, అది కొత్త చంద్రుడి రోజనీ కూడా అతనే రాశాడు. సూయెల్ ఈ వివరాలను పట్టికల ముందు పెట్టాడు. 1522 మేలో అమావాస్య ఆదివారం మీదికి పోతుంది, అంటే శనివారానికి చంద్రుడు ఇంకా పుట్టనే లేదు. 1520లో అమావాస్య మే 17 గురువారం, నెలవంక కనబడేది 19 శనివారం. వానలు పడక ఏరు ఎండిన కాలమని నూనిజ్ చెప్పినదీ, మిగతా పోర్చుగీసు రచయితల వివరాలూ కలిపి చూసి, యుద్ధం 1520 మే 19న జరిగిందని తేల్చాడు. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో కనిపించే తేదీ అదే. సాక్షి చెప్పిన ఏడాదిని పక్కన పెట్టి, అదే సాక్షి చెప్పిన వారాన్నీ చంద్రుణ్నీ నమ్మడం అందరికీ చేతనయ్యే పని కాదు. అలాంటి చోట్ల సూయెల్ నిజంగా చరిత్రకారుడు.

పారిస్‌లో దొరికిన కాగితాలు

విజయనగరం పుస్తకానికి ప్రాణం రెండు పోర్చుగీసు రాతలు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఆ రాతప్రతుల్ని డేవిడ్ లోపెజ్ అనే పండితుడు 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. సూయెల్ వాటిని ఇంగ్లిషులోకి మార్చి తన పుస్తకంలో సగానికి దగ్గరగా వాటికే ఇచ్చాడు. ముందు భాగంలో తాను రాసిన చరిత్ర, వెనక ఈ అనువాదాలు.

ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. డొమింగో పేస్ 1520 ప్రాంతంలో నగరంలో ఉన్నాడు. వీధులు, బజార్లు, మహర్నవమి ఉత్సవాలు, రాయల రూపం, అన్నీ కళ్లారా చూసి రాశాడు. నువ్వుల నూనె సంగతి అతనిదే. అతను ఏదైనా చూశానంటే చాలావరకు నమ్మొచ్చు. ఫెర్నావో నూనిజ్ గుర్రాల వ్యాపారి, అచ్యుతరాయల కాలంలో 1535 తర్వాత వచ్చాడు. అతను రాసింది రెండు వందల ఏళ్ల రాజుల కథ, అదీ నగరంలో విన్నది. తిమ్మరుసు కథ ఇతని దగ్గరిదే. చావబోతున్న అన్న, తమ్ముడైన కృష్ణరాయల కళ్లు తీయమంటే తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించాడట. చివరికి ఆ తిమ్మరుసు కళ్లనే కృష్ణరాయలు, తన కొడుక్కి విషం పెట్టారన్న అనుమానంతో తీయించాడట. కథ ఎంత చక్కగా కుదిరిందో చూడండి. కళ్లు కాపాడినవాడి కళ్లే పోయాయి. ఇంత చక్కగా కుదిరే కథలు బజారులోనే తయారవుతాయని నా అనుమానం. తిమ్మరుసు పతనం జరిగి ఉండొచ్చు, కానీ మేక కళ్లకు నూనిజ్ తప్ప పూచీ లేదు. సైన్యం అంకెలూ అంతే. రాయచూరు మీదికి ఏడు లక్షల మూడు వేల కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు నడిచాయంటాడు. ఇవి నమ్మదగ్గవేనా అని సూయెల్ ఆగి చర్చించాడు. మన సినిమావాళ్లు ఆగలేదు.

జిల్లా తిరిగిన అనుభవం అనువాదానికి పనికొచ్చింది. రాయలు రెండు కొండల మధ్య కట్ట వేయించి పెద్ద చెరువు కట్టించాడని రాత ఉంటే, హోస్పేట నుంచి సండూరు కొండల్లోకి పోయే లోయ మూతి దగ్గర ఎండిపోయి ఉన్న చెరువే అదని సూయెల్ గుర్తుపట్టాడు. లండన్ లైబ్రరీలో కూర్చున్న పండితుడికి అది తట్టదు.

మూడో చెయ్యి

చిక్కంతా ఆయన సొంత గొంతుతో వస్తుంది. మొదటి వాక్యంలోనే 1336ను ఇంగ్లండులో మూడో ఎడ్వర్డు పాలిస్తున్న కాలం అని పరిచయం చేస్తాడు. పుస్తకం ఎవరి కోసమో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మూడు పెద్ద మాటలు చెబుతాడు.

మొదటిది, ఈ రాజ్యాన్ని దేశం మరిచిపోయింది, నగరం పేరు కూడా జనం మనసుల్లోంచి చెరిగిపోయింది అన్నది. ఎవరు మరిచారు? తిరుమల కొండ మీద ఇద్దరు దేవేరులతో నిలబడ్డ రాయల విగ్రహం దాటుకునే భక్తులు లోపలికి పోతున్నారు. రాయల మీద, అష్టదిగ్గజాల మీద, తెనాలి రామకృష్ణుడి మీద చాటువులు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి. మెకంజీ మనుషులు సేకరించిన కైఫియతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, రాయల దానాలు అడుగడుగునా వస్తాయి. ఆనెగొందిలో విజయనగర రాజుల వారసులమని చెప్పుకునే కుటుంబానికి కుంపిణీ సర్కారే పింఛను ఇచ్చింది. హంపి విరూపాక్షుడికి దీపం ఆరలేదు. మరిచినవాళ్లెవరైనా ఉంటే ఇంగ్లిషులో చరిత్ర చదివేవాళ్లు. వాళ్ల మరుపును దేశం మరుపుగా రాయడం ఆ కాలపు దొరల అలవాటు.

రెండో మాట ఎక్కువ దూరం ప్రయాణించింది. విజయనగరం దక్షిణాదిన ముస్లిం దండయాత్రలకు అడ్డంగా నిలిచిన హిందూ కోట అన్నది. దీనికి జవాబు సూయెల్ పుస్తకంలోనే ఉంది, అదే విచిత్రం. ఫిరిస్తాను అనుసరించి అతను చెప్పిన కథ ప్రకారమే రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో పెట్టుకుని, వాళ్ల సలాము కోసం సింహాసనం ముందు ఖురాను ఉంచాడు. అలీ ఆదిల్‌షా రామరాయల కొడుకు పోతే పరామర్శకు స్వయంగా విజయనగరం వచ్చాడు. తళ్లికోటకు కొన్నేళ్ల ముందే రామరాయలు, బీజాపూరు, గోల్కొండ కలిసి అహ్మద్‌నగర్ మీద పడ్డారు. శ్రీనాథుడు అదే దేవరాయల కొలువుకు పోవడానికి ‘కుళ్ళాయుంచితి, కోక సుట్టితి, మహాకూర్పాసముం దొడ్గితిన్’ అని వాపోయాడు కదా. ఆ కుళ్లాయి, ఆ పొడుగు చొక్కా సుల్తానుల కొలువుల వేషమే. రాయల సభలో అది మర్యాద అయింది.

ఇక ఇబ్రహీం కుతుబ్‌షా. అన్నతో పడక ఏడేళ్లు విజయనగరంలో రామరాయల నీడన తలదాచుకున్నాడు. తిరిగి పోయి గోల్కొండ గద్దె ఎక్కి, తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి రాసిన తపతీసంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నాడు. 1565 జనవరి 23న రామరాయల తల తెగిన తళ్లికోట యుద్ధంలో ఎదుటి పక్షాన నిలబడ్డవాళ్లలో ఈయనా ఒకడు. దీన్ని మతం అనే ఒక్క తాళంచెవితో తెరవడం కష్టం. అలాగని మతానికి అందులో పాత్రే లేదనడం కూడా తెలివితక్కువ. ఫిరిస్తా యుద్ధాన్ని ధర్మయుద్ధంగానే చెప్పాడు, గుళ్ల మీద దెబ్బలు హంపిలో కనిపిస్తూనే ఉన్నాయి. కానీ యుద్ధం ఎందుకు జరిగిందంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది, కోటలు, శిస్తులు, రామరాయలు ఒకరి మీద ఒకర్ని ఎగదోసి ఆడిన ఆట, ఇవన్నీ ముందు వరసలో నిలబడతాయి.

మూడోది నగర విధ్వంసం. ప్రపంచ చరిత్రలో ఇంత వైభవమైన నగరం మీద ఇంత హఠాత్తుగా ఇంత విధ్వంసం ఎన్నడూ జరగలేదేమో అని రాసిన వాక్యం సూయెల్‌ది. నిప్పు, కత్తి, గునపం, గొడ్డలి వరసగా వచ్చే ఆ పేరా కూడా అతని కలానిదే, కళ్లారా చూసినవాడిది కాదు. యుద్ధం జరిగిన రెండేళ్లకు వెనిస్ వ్యాపారి సీజర్ ఫ్రెడరిక్ విజయనగరంలో ఏడు నెలలు ఉన్నాడు. నగరం పూర్తిగా నాశనం కాలేదనీ, ఇళ్లు నిలిచే ఉన్నాయనీ, కానీ ఖాళీగా ఉన్నాయనీ, పులులు తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారనీ రాశాడు. సూయెల్ ఈ మాటల్ని కూడా తన పుస్తకంలో ఇచ్చాడు. ఆ రోజుల్లోనే రామరాయల తమ్ముడు తిరుమలరాయలు తిరిగి వచ్చి నగరాన్ని నిలబెట్టాలని చూసి, కుదరక పెనుకొండకు పోయాడు. 1980 నుంచి హంపిలో ఇంచించూ కొలిచిన పురాతత్వవేత్తలు చూపించేదీ ఇలాగే ఉంది. రాజప్రాసాదాల కొయ్య కట్టడాలు కాలిపోయాయి, కొన్ని గుళ్లు బాగా దెబ్బతిన్నాయి, విరూపాక్ష గుడి లాంటివి మిగిలాయి. దెబ్బ అంతటా ఒకేలా పడలేదు. నగరాన్ని చంపింది గునపాల కన్నా ఎక్కువగా రాజూ, ఖజానా, వర్తకులూ వెళ్లిపోవడం. 550 ఏనుగుల మీద ధనం తరలిపోయిందని చెప్పిందీ సూయెలే.

తర్వాత ఏమైంది

ఈ పుస్తకం మద్రాసు, మైసూరు పండితుల్ని కుదిపింది. పోర్చుగీసు వాళ్లూ ఫిరిస్తా చెప్పింది సరే, మన కావ్యాలు ఏమంటున్నాయి అన్న ప్రశ్న వాళ్లకు సహజంగా వచ్చింది. సూయెల్ పుస్తకంలో అతి బలహీనమైన చోటు అదే. కృష్ణరాయలు స్వయంగా రాజనీతి రాసిన ఆముక్తమాల్యద, దండయాత్రలు చెప్పిన మనుచరిత్ర, గూఢచారుల కబుర్లతో నిండిన రాయవాచకం, వీటికి అతని కథలో చోటు లేదు. ఇన్నేళ్లు తెలుగు జిల్లాల్లో ఉద్యోగం చేసిన మనిషికి ఇది చిన్న లోటు కాదు. ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో తెలుగు, సంస్కృత, తమిళ గ్రంథాల నుంచి విజయనగర చరిత్రకు ఆధారాలు ఏర్చి మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున అచ్చు వేయించారు. 1946లో నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య మరో మూడు సంపుటాలు చేర్చారు. ఈలోగా రాజ్యం స్థాపించిన హరిహర బుక్కలు తెలుగువారా కన్నడిగులా అన్న తగాదా మొదలైంది. 1953లో బళ్లారి ఏ రాష్ట్రానికి పోవాలన్న గొడవలో అది ఇంకా వేడెక్కింది. విద్యారణ్యుడు దగ్గరుండి విజయనగరాన్ని స్థాపింపజేశాడన్న కథ తర్వాతి కాలంలో శృంగేరి మఠంలో పుట్టిందని ఫాదర్ హెరాస్ 1929లో అంటే మరో దుమారం. వీటిలో చాలామంది ఒకరితో ఒకరు విభేదించారు గానీ, హిందూ కోట అన్న సూయెల్ చట్రాన్ని మాత్రం దాదాపు అందరూ అలాగే వాడుకున్నారు. వలస పాలకుణ్ని తిడుతూనే ఆయన కట్టిన చట్రంలో కూర్చున్నాం. తేదీల విషయంలో అతనంత పట్టుదల చూపించినవాళ్లు తక్కువ.

సూయెల్ రిటైరయ్యాక కూడా పట్టికల పనే చేశాడు. 1912లో ఒకటి, 1924లో సిద్ధాంతాల మీద ఒకటి వచ్చాయి. పోయేనాటికి దక్షిణాది చారిత్రక శాసనాలను కాలక్రమంలో పేర్చిన ఇంకో పెద్ద రాతప్రతి మిగిలింది. అందులో గునపాలూ గొడ్డళ్లూ లేవు, ఏ రాజు ఏ తేదీన ఏ శాసనం వేయించాడన్న వరసే ఉంది. దాన్ని 1932లో మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. సంపాదకుడు కృష్ణస్వామి అయ్యంగారే.